రాత్రి ముహూర్తపు పెళ్ళి: ఫోటోగ్రాఫర్‌ను కుదుర్చుకునే ముందు ఏమేమి చూడాలి?

గునుపూడివాసి:

అందరికీ నమస్కారం. మా చెల్లెలి పెళ్ళి వచ్చే మాఘ మాసంలో నిశ్చయమైంది. ముహూర్తం గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం 2 గంటల 17 నిమిషాలకు. పెళ్ళి భీమవరంలో, మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఒక ఏసీ ఫంక్షన్ హాల్లో జరుగుతుంది. అబ్బాయివారిది హనుమకొండ, మూడో రోజున రిసెప్షన్ అక్కడ వారే ఏర్పాటు చేసుకుంటున్నారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. హాలు, వంటలు, పందిరి, పురోహితులు అన్నీ నాన్నగారు చూసుకుంటూ, ఫోటోల సంగతి మాత్రం నాకు అప్పగించారు. నెల రోజుల నుంచి ఫోన్లో పెళ్ళి ఫోటోలు చూస్తున్నాను. చూసే కొద్దీ అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి తప్ప ఎవరు మంచివారో తేలడం లేదు.

ఇప్పటికి ముగ్గురి దగ్గర ధరలు తీసుకున్నాను. మొదటిది భీమవరంలోనే ఉన్న పాత స్టూడియో. మా బంధువుల పెళ్ళిళ్ళు నాలుగైదు వారే తీశారు. ట్రెడిషనల్ ఫోటో, వీడియో, రెండు కరిజ్మా ఆల్బమ్‌లు (ఫోటోలను పేజీల మీదే ముద్రించేవి) కలిపి 85 వేలు అడిగారు. రెండోది హైదరాబాదు సంస్థ. క్యాండిడ్ (పోజు పెట్టించకుండా తీసే ఫోటోలు), సినిమాటిక్ వీడియో, డ్రోన్, ప్రీ వెడ్డింగ్ షూట్ అన్నీ కలిపి 2 లక్షల 40 వేలు, దానిపైన జీఎస్టీ, ప్రయాణం, బస మనవే అన్నారు. మూడోది విజయవాడ నుంచి నలుగురు కుర్రవాళ్ళ బృందం. లక్షా 30 వేలకు ట్రెడిషనల్‌తో పాటు క్యాండిడ్ కూడా చేస్తామన్నారు. మేము అనుకున్నది లక్షన్నర.

హైదరాబాదు వారి ఫోటోలు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. భీమవరం వారివి మా నాన్నగారికి నచ్చుతాయి. విజయవాడ వారి గురించి చెప్పేవారెవరూ దొరకలేదు. అసలు ఫోటోగ్రాఫర్‌ను ఏం చూసి ఎంచుకోవాలి? క్యాండిడ్ నిజంగా అవసరమా, లేక అందరూ పెట్టుకుంటున్నారని పెట్టుకోవడమేనా? సగం సొమ్ము అడ్వాన్సుగా ఇవ్వవచ్చా? అనుభవం ఉన్నవారు చెబితే మేలు చేసినవారవుతారు.

తెనాలి కెమెరా:

గునుపూడివాసి గారూ, నేను పద్నాలుగేళ్ళుగా ఈ వృత్తిలోనే ఉన్నాను. మీరు చెప్పిన రోజుకు నాకు వేరే పెళ్ళి ముందే కుదిరింది కాబట్టి నా లాభం చూసుకోకుండా మాట్లాడగలను.

ముందుగా, ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసి ఎవరినీ ఎంచుకోకండి. ఆ పేజీలో ఉండేవి యాభై పెళ్ళిళ్ళలో నుంచి ఏరిన వంద ఫోటోలు. వాటిలో ఎక్కువ భాగం సాయంత్రపు ఎండలోనో, రిసార్టు తోటలోనో, పెళ్ళికూతురు తీరిగ్గా నిలబడి ఉన్నప్పుడో తీసినవి. మీ పెళ్ళి రాత్రి 2 గంటలకు, నాలుగు గోడల మధ్య, హోమం పొగలో, రంగురంగుల లైట్ల కింద జరుగుతుంది. అందుచేత ముగ్గురినీ ఒకే కోరిక కోరండి: రాత్రి ముహూర్తానికి ఫంక్షన్ హాల్లో జరిగిన ఏదైనా ఒక్క పెళ్ళికి సంబంధించి, ఆ కుటుంబానికి ఇచ్చిన ఫోటోలన్నీ మొదటి నుంచి చివరి దాకా చూపించమనండి. పరాయి ఇంటి ఆడపిల్లల ఫోటోలు కాబట్టి పంపకపోవచ్చు. వెళ్ళి వారి కంప్యూటర్లోనే చూడండి. చూపించడానికే ఇష్టపడనివారిని అక్కడితో వదిలేయండి.

చూసేటప్పుడు పెళ్ళికూతురు అలంకరణ ఫోటోలు దాటి ముందుకు వెళ్ళండి. జీలకర్ర బెల్లం క్షణం దొరికిందా, లేక తరువాత నవ్వుతూ కూర్చోబెట్టి తీసినదా? మూడు ముళ్ళు వేసేటప్పుడు ముళ్ళు కనిపిస్తున్నాయా? తలంబ్రాల బియ్యం గాలిలో విడివిడి గింజలుగా ఆగాయా, తెల్లటి చారల్లా సాగాయా? తెల్లవారుజామున 4 గంటలకు తీసిన బంధువుల గ్రూపు ఫోటోలో వెనక వరసలోని ముఖాలు స్పష్టంగా ఉన్నాయా? అప్పగింతల సమయానికి ఫోటోగ్రాఫర్ కూడా అలిసిపోతాడు. ఆ చివరి గంటలో తీసిన ఫోటోలను చూస్తే మనిషి పనితనం తెలుస్తుంది.

వెలుతురు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈమధ్య డెకరేషన్ వారు మండపం మీదకు ఊదా, గులాబి రంగుల ఎల్ఈడీ లైట్లు వేస్తున్నారు. కంటికి బాగానే ఉంటుంది గాని కెమెరాలో తెల్లటి మధుపర్కాలు ఊదా రంగుకు తిరుగుతాయి, ముఖాలు జబ్బు చేసినట్లు కనిపిస్తాయి. తరువాత ఎంత సరిచేసినా చర్మం రంగు పూర్తిగా తిరిగి రాదు. నాసిరకం ఎల్ఈడీ లైట్లయితే ఫోటోలో అడ్డంగా చారలు కూడా పడతాయి. ఫ్లాష్ ఎదురుగా కొడితే మధుపర్కం నేత కనిపించకుండా తెల్లటి ముద్దలా అవుతుంది, నగలు మెరుపు తప్ప పనితనం కనిపించకుండా పోతాయి. ఇవన్నీ తెలిసినవాడు ముందు రోజే హాలుకు వచ్చి, డెకరేషన్ వారితో మాట్లాడి, ముహూర్తం ముందు నుంచి మండపం మీద మామూలు తెల్లటి వెలుగు ఉండేలా చూసుకుంటాడు. మీతో మాట్లాడేటప్పుడు హాలు పేరు, లైట్లు, మండపం ఎటు తిరిగి ఉంటుంది అని అతనే అడిగితే మంచి లక్షణం. డ్రోన్, టీజర్, రీల్స్ అని మాత్రమే మాట్లాడితే మీరు జాగ్రత్త పడాలి.

అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఆషాఢం, మూఢం పోగా మిగిలిన మంచి ముహూర్తాలు తక్కువ. ఆ రోజుల్లో పేరున్న స్టూడియోలు ఒకే రాత్రికి నాలుగైదు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటాయి. మీతో మాట్లాడే మనిషి ఒకరు, మీరు చూసి మెచ్చిన ఫోటోలు తీసిన మనిషి మరొకరు, ఆ రాత్రి మీ మండపం దగ్గర నిలబడేది రోజు కూలికి పిలిపించిన మూడో మనిషి. కూలికి వచ్చేవారిలో గొప్ప పనివారు ఉన్నారు. నేను కూడా మొదటి ఐదేళ్ళు అలాగే పని చేశాను. కాని ఎవరు వస్తున్నారో మీకు ముందుగా తెలియాలి. "ఆ రోజు మా పెళ్ళికి కెమెరా పట్టుకునేది ఎవరు? ఆయన తీసినవి చూపించండి" అని అడగండి. ఆ పేరును ఒప్పందంలో రాయించండి.

క్యాండిడ్ అవసరమా అన్నారు. మన పెళ్ళిళ్ళలో ట్రెడిషనల్ ఫోటోగ్రాఫర్ చేసే పని వేరు. అక్షింతలు వేయడానికి వేదిక ఎక్కిన ప్రతి కుటుంబాన్నీ, చదివింపులు ఇచ్చిన ప్రతి చేతినీ తప్పకుండా తీసేది అతనే. క్యాండిడ్ తీసేవాడు దూరంగా ఉండి, ఎవరూ కెమెరా వైపు చూడనప్పటి ముఖాలను పట్టుకుంటాడు. మొదటివాడు లేకపోతే మీ నాన్నగారు బాధపడతారు, రెండోవాడు లేకపోతే పదేళ్ళ తరువాత మీ చెల్లెలు బాధపడుతుంది. మీ లక్షన్నరలో ఒక ట్రెడిషనల్ ఫోటో, ఒక వీడియో, ఒక క్యాండిడ్, ఈ ముగ్గురూ వస్తే చాలు. సినిమాటిక్ వీడియోకు పెట్టే డబ్బును నేనైతే రెండో వీడియో కెమెరాకు పెడతాను.

మరో ప్రశ్న తప్పకుండా వేయండి: "పెళ్ళి అయిన రాత్రి మెమరీ కార్డులను ఏం చేస్తారు?" రెండు కార్డులు పట్టే కెమెరా ఉంటే ప్రతి ఫోటో ఒకేసారి రెండు చోట్ల నమోదయ్యేలా పెట్టుకోవచ్చు. 4కే వీడియో మామూలు నాణ్యతలోనే గంటకు దాదాపు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు ఆరు గంటలు నడిస్తే 500 జీబీ దాటుతుంది. కార్డులు నిండిపోయి, మధ్యలో చెరిపి, మళ్ళీ వాడుకునేవాడి చేతిలో మీ పెళ్ళి పెట్టకండి. ఆ ఊరు దాటకముందే ఒక హార్డ్ డిస్కులోకి కాపీ చేస్తామని అనాలి. ఆ డిస్కు ఎవరు కొనాలో కూడా ముందే తేల్చుకోండి. చివర్లో ఈ చిన్న విషయం దగ్గరే చాలా మందికి మాట పట్టింపులు వస్తాయి.

అడ్వాన్సు సగం అంటే కొంచెం ఎక్కువే. మా వైపు మూడో వంతు బుకింగ్‌కు, ఎక్కువ భాగం పెళ్ళి రోజున, మిగిలినది ఆల్బమ్ చేతికి వచ్చాక ఇచ్చే పద్ధతి ఉంది. ఆ చివరి భాగం కనీసం ఇరవై శాతమైనా మీ దగ్గర ఉంచుకోండి. ఆల్బమ్‌ను పేజీల లెక్కన కాక షీట్ల లెక్కన చెబుతారు. ఒక షీటు అంటే రెండు పేజీలు. 12 బై 36 సైజులో 40 షీట్లు అని రాయించుకుని, అదనపు షీటుకు ఎంతో కూడా అక్కడే రాయించండి. ఆల్బమ్ ఆలస్యమైందని అందరూ మమ్మల్నే తిడతారు గాని, ఫోటోలు ఏరి ఇవ్వడానికి పదకొండు నెలలు తీసుకున్న కుటుంబం నాకు తెలుసు. ఎందుకంటే వియ్యంకులిద్దరూ ఒక పట్టాన ఒప్పుకోలేదు.

ఇద్దరాడపిల్లల తండ్రి:

పై మాటలన్నీ సమంజసంగా ఉన్నాయి. నాది చిన్న సలహా. రాత్రి 2 గంటల పెళ్ళికి, హాలు లోపల జరిగేదానికి, డ్రోన్ ఎందుకు? ఊరేగింపు ఉంటే పది నిమిషాల ముచ్చట, అంతే. పైగా 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరవేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడిగి చూడండి, ఎంతమంది చూపిస్తారో! మా పెద్దమ్మాయి పెళ్ళిలో డ్రోన్ చప్పుడుకు సన్నాయి వినిపించలేదు. చిన్నమ్మాయి పెళ్ళికి ఆ డబ్బుతో ఇంకో స్వీటు వేయించాను. దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

శ్రావణమేఘం:

గునుపూడివాసి గారూ, మీరు రాసినది రెండుసార్లు చదివాను. అందులో మీ నాన్నగారికి ఏది నచ్చుతుందో ఉంది, మీకు ఏది నచ్చిందో ఉంది, ఎంత ఖర్చు పెట్టగలరో ఉంది. మీ చెల్లెలు ఏమనుకుంటున్నదో ఒక్క మాట లేదు. తప్పు పట్టడానికి అనడం లేదు. రెండేళ్ళ కిందట మా ఇంట్లోనూ ఇలాగే జరిగింది. మా అన్నయ్యే అంతా మాట్లాడి కుదిర్చాడు. వచ్చిన నలుగురూ మగవారే. మంగళస్నానం దగ్గర, చీర మార్చుకునే గది గుమ్మం దగ్గర, మధుపర్కం కట్టుకుని వచ్చే హడావుడిలో కెమెరా ఎటు తిరుగుతున్నదో చూసుకోవడంతోనే నాకు సరిపోయింది. ఆ ఫోటోల్లో నా ముఖం బిగుసుకుపోయి ఉంటుంది. ఇప్పుడు చాలా బృందాల్లో అమ్మాయిలు ఉన్నారు. నలుగుకు, మంగళస్నానానికి, అలంకరణకు ఒక మహిళా ఫోటోగ్రాఫర్ రావాలని ముందే అడిగితే చాలామంది పంపుతారు. మీరు అడగకపోతే ఎవరూ తమంతట తాము చెప్పరు.

రెండో సంగతి ఫోటోల హక్కు. పెళ్ళయిన మూడు వారాలకు, మాకే ఇంకా ఫోటోలు అందకముందు, నా ఫోటో ఒక ప్రకటనలో కనిపించింది. మా మామగారి స్నేహితులెవరో చూసి ఫోన్ చేశారు. అడిగితే ఆ స్టూడియోవారు, "ఒప్పందంలో ఉంది కదా" అన్నారు. తీసి చూస్తే నిజంగానే రెండో పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఉంది. అన్నయ్య చదవకుండా సంతకం పెట్టాడు. తరువాత మా బంధువుల్లో ఒక న్యాయవాదిని అడిగితే తెలిసినదేమంటే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అయితే "వేరే ఒప్పందం ఏదీ లేని పక్షంలో" అన్న షరతు అందులో ఉంది. అంటే చట్టం మనకు ఇచ్చిన హక్కును మనమే సంతకం పెట్టి వదులుకుంటున్నామన్నమాట. డబ్బిచ్చింది మా నాన్నగారు కాబట్టి నా ముఖం మీద హక్కు ఆయనదా అని మేము తరువాత నవ్వుకున్నాము గాని, ఆ రోజు నేను ఏడ్చాను.

కాబట్టి వారిచ్చిన కాగితం మీద సంతకం పెట్టే ముందు మూడు వాక్యాలు అదనంగా రాయించండి. పెళ్ళికూతురు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఏ ఫోటో కాని వీడియో కాని బయట పెట్టకూడదు. ఒప్పుకున్నా ఏవి పెట్టాలో ఆమే ఎంచుతుంది. చిన్నపిల్లల ఫోటోలు అసలు పెట్టకూడదు. కొందరు ఫోటోగ్రాఫర్లు ఇందుకు పది, పదిహేను వేలు ఎక్కువ అడుగుతారు, ఎందుకంటే వారికి ఆ ఫోటోలే ప్రచారం. బేరమాడండి, కాని వదులుకోకండి.

డబ్బు తీసుకుని ఫోటోలు ఇవ్వనివారి మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే రుసుము కూడా లేదు. 1915కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. అయితే అక్కడ నిలబడాలన్నా చేతిలో ఒప్పందం, చెల్లింపుల రసీదులు ఉండాలి. నగదు ఇస్తే రసీదు తీసుకోండి. జీఎస్టీ అదనం అన్నవారిని వారి జీఎస్టీ నంబరుతో బిల్లు ఇవ్వమనండి. ఈ సేవ మీద పన్ను 18 శాతం, అంటే మీ 2 లక్షల 40 వేల మీద 43 వేల పైచిలుకు. బిల్లు ఇవ్వనివారు ఆ మాట ఎత్తడానికి వీల్లేదు.

స్మార్తం:

నేను పౌరోహిత్యం చేసేవాడిని. ఫోటోల విద్య నాకు తెలియదు గాని, ఫోటోగ్రాఫర్లను ముప్ఫయ్యేళ్ళుగా వేదిక మీద అతి దగ్గర నుంచి చూస్తున్నాను. మీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను.

సుముహూర్తం అంటే మన ఆచారంలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. మంగళసూత్రధారణ దాని తరువాత వస్తుంది. మీ శుభలేఖ మీద వేసిన 2 గంటల 17 నిమిషాలు ఆ క్షణానికే చెందుతాయి. వధూవరులు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో తెర ఉంటుంది, ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం ఉంచుతారు, తెర తీస్తారు, ఒకరి చూపు ఒకరి మీద నిలుస్తుంది. ఇదంతా ఒక నిమిషం పని. ఆ సమయంలో తెర ఇరువైపులా ఒక్కొక్క కెమెరా లేకపోతే ఇద్దరిలో ఒకరి ముఖం మాత్రమే దక్కుతుంది. చాలా పెళ్ళిళ్ళలో జరిగేదేమిటంటే ఇద్దరు ఫోటోగ్రాఫర్లూ పెళ్ళికూతురి వైపే నిలబడతారు, తరువాత పెళ్ళికొడుకును చూసి "సార్, చెయ్యి మళ్ళీ ఒకసారి తల మీద పెట్టండి" అంటారు. ముహూర్తం అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఒకసారి ఒక అబ్బాయి మంగళసూత్రం రెండో ముడి వేస్తూ ఉంటే ఆపమన్నాడు, బ్యాటరీ మార్చుకోవాలట. నేను మంత్రం ఆపలేదు.

మీరు ఎవరిని ఎంచుకున్నా, వారు తెలుగువారి పెళ్ళి క్రమం తెలిసినవారా కాదా అని పరీక్షించండి. గౌరీపూజ ఎక్కడ జరుగుతుంది, మేనమామ గంపలో పెళ్ళికూతురిని తీసుకువచ్చేటప్పుడు ఎటు నుంచి వస్తాడు, కన్యాదానంలో కాళ్ళు కడిగేటప్పుడు ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారు, బ్రహ్మముడి ఎప్పుడు, సప్తపది ఎప్పుడు, అరుంధతిని చూపించడానికి బయటకు ఎప్పుడు వెళతారు అని అడిగితే తడుముకోకుండా చెప్పాలి. చెప్పలేనివారైతే పెళ్ళికి ముందు ఒక పావుగంట మీ పురోహితులతో కూర్చోబెట్టండి. మా వాళ్ళలోనూ ఎవరి పద్ధతి వారిది కాబట్టి తెలిసినవారికైనా ఈ పావుగంట వృథా కాదు. మూడు ముళ్ళ దగ్గర ఒకరు ఎదుట, ఒకరు వెనక ఉండాలని అప్పుడే మాట్లాడుకోవచ్చు.

ఇంకొకటి. వేదిక మీద ఎంతమంది కెమెరావారు ఉండవచ్చునో మీరే నిర్ణయించండి. ఎదుటి కుర్చీల్లో కూర్చున్న నూరుమంది పెద్దలు పెళ్ళి చూడటానికి వచ్చారు. వారికి రెండు గంటల సేపు కెమెరావారి వీపులే కనిపిస్తున్నాయి. ఎల్ఈడీ తెర పెట్టి చూసుకోమనడం, ఎదురుగా పెళ్ళి జరుగుతూ ఉండగా టీవీ చూడమనడమే.

డాలస్ తెలుగు:

మా తమ్ముడి పెళ్ళికి సెలవు దొరకక వెళ్ళలేకపోయాను. ఇక్కడి నుంచి చూసినవాడిగా లైవ్ గురించి చెబుతాను, ఎందుకంటే మీ బంధువుల్లోనూ విదేశాల్లో ఉన్నవారు తప్పకుండా ఉంటారు. మీ 2 గంటల 17 నిమిషాలు మాకు ముందు రోజు మధ్యాహ్నం 2 గంటల 47 నిమిషాలు. అందరూ ఆఫీసులో ఉంటారు, అయినా చూస్తారు.

మా తమ్ముడి పెళ్ళిలో లైవ్ మూడుసార్లు ఆగిపోయింది. ఒకసారి హాల్లో సిగ్నలు లేక. ఏసీ హాళ్ళలో, అందులోనూ ఐదారు వందల ఫోన్లు ఒకేచోట ఉన్నప్పుడు, డాంగిల్ నమ్ముకుంటే కష్టం. హాలుకు ఫైబర్ కనెక్షన్ ఉందా, అప్‌లోడ్ వేగం ఎంత అని ముందు రోజు రాత్రి పరీక్షించమనండి. స్పష్టమైన హెచ్‌డీ చిత్రానికి కనీసం ఐదారు ఎంబీపీఎస్ నిలకడగా ఉండాలి. మిగతా రెండుసార్లు ఆగింది సినిమా పాటల వల్ల. పెళ్ళిలో పాట వేసుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు, కాని యూట్యూబ్ యంత్రాంగం పాటను గుర్తుపట్టి ప్రసారాన్ని నిలిపివేయవచ్చు. లైవ్ నడుస్తున్నంతసేపు స్పీకర్లలో సినిమా పాటలు వద్దని డీజే వారికి చెప్పండి. సన్నాయివారు కూడా మంగళసూత్రధారణ అయిందో లేదో సినిమా పాట ఎత్తుకుంటారు, గమనించండి.

చిత్రం కన్నా ముఖ్యమైనది శబ్దం. పురోహితులకు ఒక చిన్న మైకు తగిలించి ఆ శబ్దాన్ని నేరుగా వీడియోలోకి ఇవ్వమనండి. మాకు రెండు గంటల సేపు జనరేటరు చప్పుడు, పిల్లల కేకలు వినిపించాయి. మా అమ్మ అప్పగింతల్లో ఏమన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

గునుపూడివాసి:

అందరికీ కృతజ్ఞతలు. శ్రావణమేఘం గారి మాట చదివిన రాత్రే చెల్లెలికి ఫోన్ చేశాను. ఆమె మొదట "ఎవరైనా పర్వాలేదు అన్నయ్యా" అంది, తరువాత అరగంట మాట్లాడింది. ప్రీ వెడ్డింగ్ షూట్ వద్దట. నలుగుకు, అలంకరణకు అమ్మాయి రావాలట. మా నానమ్మ ఫోటోలు ఎక్కువ కావాలట. ఇవి నాకు తట్టనే లేదు.

ఆదివారం మూడు చోట్లా అడిగాను. హైదరాబాదు వారు మొత్తం పెళ్ళి ఫోటోలు చూపించడానికి ఒప్పుకోలేదు; ఆ రాత్రి ఎవరు వస్తారో వారం ముందు చెబుతామన్నారు. భీమవరం స్టూడియో యజమాని నన్ను కూర్చోబెట్టి నాలుగు ఆల్బమ్‌లు చూపించారు. గ్రూపు ఫోటోలు నిఖార్సుగా ఉన్నాయి, పెళ్ళి క్రమం ఆయనకు కంఠతా వచ్చు, కాని క్యాండిడ్ ఆయనకు చేతకాదని ఆయనే ఒప్పుకున్నారు. విజయవాడ వారు కార్తీకంలో చేసిన ఒక రాత్రి పెళ్ళివి 1,100 ఫోటోలు మొదటి నుంచి చివరి దాకా చూపించారు. జీలకర్ర బెల్లం రెండు వైపుల నుంచీ ఉంది. తలంబ్రాల గింజలు గాలిలో ఆగి ఉన్నాయి. గ్రూపు ఫోటోలు మాత్రం అంతంతమాత్రం.

ఇప్పుడు నాకు రెండు సందేహాలు. భీమవరం వారి నుంచి ట్రెడిషనల్ ఫోటో, వీడియో, విజయవాడ వారి నుంచి క్యాండిడ్ ఇద్దరు, అందులో ఒక అమ్మాయి, ఇలా విడివిడిగా పెట్టుకోవచ్చా? లక్షా 45 వేలకు సరిపోతోంది. రెండోది, అబ్బాయివారు హనుమకొండ నుంచి తమ ఫోటోగ్రాఫర్లను కూడా తెస్తున్నారట. మూడు బృందాలు ఒకే వేదిక మీద ఎలా?

తెనాలి కెమెరా:

విడివిడిగా పెట్టుకోవచ్చు, చాలామంది పెట్టుకుంటున్నారు. అయితే ఇద్దరినీ పెళ్ళికి ముందే ఒకసారి ఫోన్లోనైనా కలపండి. ఎవరి వీడియో లైటు ఎప్పుడు వెలుగుతుందో, ఎవరు ఎక్కడ నిలబడతారో వారే తేల్చుకుంటారు. ట్రెడిషనల్ వీడియో లైటు నేరుగా ముఖం మీద పడితే క్యాండిడ్ ఫోటో పనికిరాదు. ఈ ఒక్క గొడవే పెద్దది. ఇద్దరి కెమెరాల్లో సమయం ఒకటే ఉండేలా సరిచేసుకోమనండి. తరువాత ఫోటోలన్నీ కలిపి వరసలో పెట్టుకోవాలంటే అది లేకుండా కుదరదు.

అబ్బాయివారి బృందంతో మీరు గాని, మీ బావగారు కాబోయే ఆయన గాని ముందే మాట్లాడండి. పెళ్ళికొడుకు వైపు కోణం వారికి వదిలేసి, పెళ్ళికూతురి వైపు మీరు ఉంచుకుని, తరువాత ఇద్దరూ ఫోటోలు మార్చుకుంటామని ఒప్పందం చేసుకుంటే వేదిక మీద సగం మంది తగ్గుతారు. వియ్యాలవారి మధ్య మాటలు కాబట్టి సౌమ్యంగా అడగండి. ఎదుర్కోళ్ళ దగ్గర వారి ఆచారాలు మీ వాళ్ళకు తెలియవు. అక్కడ వారి ఫోటోగ్రాఫరే ముందుండడం మంచిది.

మీ నానమ్మగారి విషయం. క్యాండిడ్ తీసేవారికి మీ నానమ్మ ఎవరో, మేనత్త ఎవరో తెలియదు. మంచి చీర కట్టుకున్న ఎవరో ఒకరిని తీస్తారు. బంధువులందరినీ గుర్తుపట్టగల ఒక కుర్రాడినో, అమ్మాయినో రాత్రంతా వారి పక్కన ఉంచండి. తప్పక తీయాల్సిన ఇరవై మంది పేర్లు ఆ మనిషి చేతిలో కాగితం మీద ఉండాలి. నానమ్మగారిని మాత్రం 2 గంటల దాకా ఆపకండి. రాత్రి 8 గంటలకే, ఆమె అలసిపోకముందు, మీ చెల్లెలితో కూర్చోబెట్టి తీయించండి.

స్మార్తం:

ఒక చిన్న మాట చేరుస్తున్నాను. ఈమధ్య తెర తీసే క్షణానికే డెకరేషన్ వారు రెండు వైపులా పొగ వదలడం, చల్లని చిచ్చుబుడ్లు వెలిగించడం అలవాటు చేసుకున్నారు. సరిగ్గా ఆ క్షణంలో ఎవరి ముఖమూ ఎవరికీ కనిపించదు. అది తలంబ్రాల సమయానికి మార్చుకోమని వారికి ముందే చెప్పండి.

గునుపూడివాసి:

చెప్పాను. పొగ ప్యాకేజీలోనే ఉందట, తీసేస్తే డబ్బు తగ్గించరట. తలంబ్రాలకు మార్చమన్నాను, సరేనన్నారు. రెండు ఒప్పందాలూ చెల్లెలు చదివాకే సంతకం పెడతాను.